‘నీడ రేషన్’ రాసిన సరోజమ్మ టీచరు

సరోజమ్మ టీచరు పరమపదించారన్న వార్త పావగడ బస్టాండులో ఉండగా ఫోనులో విన్నాను. “అక్క ఇంక లేదప్పా. పొద్దున టీ పెట్టుకుంటా కూలబడిపాయె,” అన్నాడు ఆమె తమ్ముడు. నేను ఎక్కవలసిన బస్సు కళ్ళముందే కదిలిపోయింది.

ఆమె తిరుమణి దగ్గర కన్నడ బడిలో విజ్ఞానశాస్త్రం బోధించారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం అన్నది కర్ణాటక అంచునున్న మా సీమలో అందరి కథే. తెలుగు లిపిని ఆమె నడివయసులో స్వయంకృషితో సాధించి, తర్వాత నాకూ నేర్పారు. పదవీ విరమణానంతరం ఆ లిపిలోనే ‘నీడ రేషన్’ అనే వ్యంగ్య వైజ్ఞానిక నవల రాశారు. ఎండనంతా ఒక కంపెనీ కొనేసుకున్న భావికాలంలో, జనం కార్డులు పట్టుకుని నీడ కోసం డిపో ముందు నిలబడే కథ అది. దానికి కంప్యూటరులో అక్షరాలు కూర్చే భాగ్యం నాది.

ఆమె ఉపమానాలు ఊహాలోకం నుంచి ఊడిపడినవి కావు. మిట్టమధ్యాహ్నం గొర్రెలు ఒకదాని పొట్ట కింద మరొకటి తల దూర్చి నిలబడటం బలసముద్రం ఊళ్ళో నిత్యం కనబడే దృశ్యమే. డిపో వరసలో మనుషులను ఆమె అలాగే నిలబెట్టారు. మా పొలాలు లీజుకు తీసుకుని కంపెనీ పరిచిన సోలారు పలకలను నేనొకసారి నీలి సముద్రంతో పోలిస్తే, “నువ్వు సముద్రం యాడ చూసినావప్పా? చూడని పోలిక దొంగసాక్ష్యం,” అని కొట్టేశారు.

అటువంటి ఆమెకే ఒక పోలిక మెడకు చుట్టుకుంది. తన పొలాన్ని సోలారు కంపెనీకి లీజుకిచ్చి, ఆ పొలానికే కాపలా కాసే రైతును నవలలో ‘యూనిఫాం తొడిగిన బెదురుబొమ్మ’ అన్నారు. ఆ మాట ఊళ్ళో పొక్కింది. గ్రంథాలయంలో పుస్తకంపై సభ జరుగుతుండగా కాపలాదారులు గుంపుగా వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడ్డారు. ముందున్నవాడు హనుమంతప్ప. ఒకప్పుడు వేరుసెనగ పండించిన సొంత నేలకే కాపలాదారు. తెలుగు మాట్లాడతాడు గాని చదవలేడు.

“ఏంది మేడమ్మా, మమ్మల్ని బొమ్మలంటివంట?”

వెనక తలుపు వైపు నడిపిద్దామని నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకున్నారు.

“మొత్తం చదువుతా హనుమంతప్పా. విన్నాక నీ ఇష్టం.”

పుస్తకం తెరిచి ఆ ఘట్టమంతా పైకి చదివారు. నవలలో సాయంకాలానికి కంపెనీ ఆ బొమ్మను మడిచి పెట్టెలో పెడుతుంది. చదవటం ముగిసింది. ఎవరూ నవ్వలేదు.

“కంపెనీని ఎగతాళి చేసినావు, సరే,” అన్నాడు హనుమంతప్ప. చేతికర్రను నేలకు అదుముతున్నాడు. “బొమ్మకు తాను యాడ నిలబడిందో తెల్దు. నాకు తెలుసు. కంచె లోపల మా బావి యాడ పూడ్చినారో కండ్లు మూసుకొని చూపిస్తా. దినామూ దాని మీదనే నడుస్తాండా.”

అతని పక్కనున్నవాడు ఒక అడుగు ముందుకు వేశాడు. టీచరు కదలలేదు.

“బావి సంగతి నాకు తెల్దప్పా. నిన్ను అడిగి రాయాల్సింది. తప్పు నాదే.”

అందరి ఎదుటే కలం తీసి ఆ వాక్యం కొట్టేశారు. హనుమంతప్ప చాలాసేపు ఆ పేజీనే చూసి, కర్ర గోడకానించి కూర్చున్నాడు.

దారిలో నేను నిష్ఠూరమాడాను, బెదిరింపుకు లొంగారని. “బెదిరినాను, నిజమే,” అన్నారు. “దిద్దింది అందుకు కాదు. పైవాని మీద విసిరిన రాయి కిందివానికి తగిల్తే అది ఎగతాళి కాదప్పా, గురి తప్పడం.”

ఆ తర్వాత రోజూ హనుమంతప్ప వెంట కంచె పొడవునా నడిచారు. రెండో ముద్రణ కోసం పుటలకు పుటలు తిరగరాశారు. ఆ కాపలా రైతుకు తగిన పోలిక మాత్రం చిక్కలేదు. ‘ఇంకా దొరకలే’ అని పేజీ అంచున రాసుకున్నారు.

అంత్యక్రియలకు హనుమంతప్ప డ్యూటీ మధ్యలోంచి వచ్చాడు. పాదాలకు మొక్కి నా దగ్గరికొచ్చాడు.

“నా ముచ్చట రాసి పోయినాదా?”

“లేదు.”

“నువ్వు రాస్తావా?”

ఆమె నేర్పిన అక్షరాలన్నీ నా దగ్గర ఉన్నాయి. కాని తప్పు రాశానని పదిమందిలో ఒప్పుకోగల ఆ గుండె నాకు లేదు. తల దించుకుని ఆ మహనీయురాలికి నమస్కరించాను. హనుమంతప్ప ఇంకా జవాబు కోసం నిలబడే ఉన్నాడు.