పెన్ను మూత

ఐర్లండ్‌లోని కార్లోలో ఎమ్మెస్ చదువుతున్న మధులికకు కోవిడ్ రోజుల్లో ఒక పార్ట్‌టైమ్ పని దొరికింది. శరణార్థులకు ఉద్యోగాలు చూపించే పథకం ఎలా ఉందో వాళ్లనే అడిగి రాయాలి. ఒక్కొక్కరు సంతకం పెట్టి లేవగానే, చచ్చిన బొద్దింకను ఎత్తినట్టు పెన్నును రెండు వేళ్లతో ఎత్తి శానిటైజర్‌తో తుడిచేది.

ఆరోజు సూడాన్ నుంచి వచ్చిన సల్వా ఎదురుగా కూర్చుంది. అక్కడి ఆసుపత్రిలో ఇన్‌ఫెక్షన్లు సోకకుండా ఎలా చూసుకోవాలో పద్దెనిమిదేళ్లు నర్సులకు నేర్పిన మనిషి. ఇక్కడి పథకం ఆమెకు చేతులు కడుక్కోవడం నేర్పి, సర్టిఫికెట్ ఇచ్చి, టాయిలెట్లు కడిగే పనిలో పెట్టింది.

"మీ సలహా ఏమైనా ఉందా?" అంది మధులిక.

"ఉంది. పెన్ను తుడుస్తున్నావు, మూత వదిలేస్తున్నావు. అందరూ పట్టుకునేది దాన్నే."

వెనక నుంచి పథకం మేనేజర్ చప్పట్లు కొట్టాడు. "గ్రాండ్! సలహా ఇచ్చిందిగా, భాగస్వామ్యం వంద శాతం అని రాసెయ్."

మధులిక రాసింది. సల్వా వెళ్లిపోయాక ఆ కాగితాన్ని చూస్తే తన మీద తనకే రోత పుట్టింది. ఆ రోతలోనే చెయ్యి శానిటైజర్ సీసా మీదికి పోయింది. ఈసారి మూత కూడా శుభ్రంగా తుడిచింది.