రెండో చూపు

ఆస్పత్రి ల్యాబులో ఆయన్ని అందరూ రెండుసార్ల బాబాయ్ అంటారు. ఏ స్లైడయినా మైక్రోస్కోపులో ఒకసారి చూసి, పక్కన పెట్టి, కళ్లు మూసుకుని, మళ్ళీ చూస్తే గానీ సంతకం పెట్టడు. ఆ కళ్లు మూసుకోవడం ఊరికే కాదు. "ఉన్నది ఉన్నట్టు చూపించు తండ్రీ" అని పెదాలు కదుపుతాడు. ఇరవై తొమ్మిదేళ్లుగా అదే మాట.

"దేవుడికి మైక్రోస్కోపు చూడటం మీరే నేర్పారా బాబాయ్?" అని ల్యాబు డాక్టరమ్మ ఆటపట్టించేది. దేవుడి పేరెత్తితే నవ్వే మనిషి ఆమె.

"ఆయనకెందుకమ్మా! చూపు చాలనిది నాకు. మనసు ముందే ఏదో అనుకుని కూర్చుంటుంది, కన్ను దాని వెనకే పోతుంది. ఆ మనసుని కాస్త పక్కకి జరపమంటున్నా, అంతే."

ఆయన పనిలో వంక పెడదామన్నా డాక్టరమ్మకి దొరికేది కాదు. భక్తీ శాస్త్రమూ ఒకే ఒరలో ఇమడవని గొంతు చించుకునే పెద్దమనుషులు ఒక్కపూట ఆయన స్టూలు పక్కన నిలబడి చూడాల్సింది.

ఒక మధ్యాహ్నం ట్రేలో చెల్లెలి స్లైడు వచ్చింది. తల్లి పోయాక ఆయన చేతుల మీద పెరిగిన పిల్ల. నలభై దాటినా ఆయనకి పిల్లే. గర్భసంచి ముఖద్వారం పరీక్ష అది. సొంతవాళ్ల స్లైడు ముట్టుకోకుండా పక్కవాళ్లకి ఇచ్చెయ్యాలని ల్యాబు నియమం. ఇస్తే ఏం పోయేది! ఇవ్వలేదు మహానుభావుడు. నా అంత జాగ్రత్తగా ఎవరు చూస్తారులే అనుకున్నాడు.

మొదటిసారి చూశాడు. ఒక మూల కణాల గుంపు, ఆ కణాల లోపలి చుక్కలు నల్లగా ఉబ్బిపోయి ఉన్నాయి. అలాంటివి వేలల్లో చూసినవాడు, అవి క్యాన్సరు కణాలని ఒకరు చెప్పక్కర్లేదు.

స్లైడు పక్కన పెట్టి కళ్లు మూసుకున్నాడు. "లేదనిపించు తండ్రీ" అన్నాడు.

రెండోసారి చూశాడు. అయ్యో, నిజంగానే లేదనిపించింది! రంగు ఎక్కువ పట్టిందేమో, మామూలు వాపేనేమో. అనుమానమున్న స్లైడ్లు డాక్టరమ్మ బల్ల మీదికి పోతాయి, లేనివి ఆయన సంతకంతోనే బయటికి పోతాయి. సంతకం పెట్టేశాడు. సాయంత్రం ఫోను చేసి, "ఏం లేదే పిచ్చిదానా, హాయిగా ఉండు" అన్నాడు. అవతల ఆమె నవ్వు వినగానే కన్నీళ్లొచ్చాయి. దేవుడు విన్నాడనుకున్నాడు.

పద్నాలుగు నెలలకి ఆమె రక్తస్రావంతో వచ్చింది. అప్పటికే జబ్బు ఎముకల దాకా పాకింది. డాక్టరమ్మ పాత స్లైడు తీయించి చూసి, ఆయన్ని పిలిచింది.

"ఇది మీ కన్ను దాటి ఎలా పోయింది బాబాయ్?"

"దాటలేదమ్మా. చూశాను."

డాక్టరమ్మ స్లైడు తీసి ట్రేలో పెట్టేసింది. "నేను దేవుణ్ణి నమ్మలేదు గానీ, మీ రెండో చూపుని నమ్మాను" అంది.

దేవుడు అబద్ధం చెప్పలేదు, మైక్రోస్కోపూ చెప్పలేదు. ఆ ఇద్దరి నోరూ తానే నొక్కాడు. ఇప్పుడు ఎవరి ముందు నిలబడ్డా తల ఎత్తలేకపోతున్నాడు.

వార్డులో చెల్లెలు చిక్కిపోయి మంచానికి అతుక్కుపోయింది. ఆయన రాగానే చెయ్యి పట్టుకుంది.

"అందరికీ చెప్తున్నా అన్నయ్యా, నువ్వు చూసినప్పుడు ఏమీ లేదని. ఉంటే నువ్వు వదిలేవాడివా? ఇది తర్వాతే వచ్చింది. నా రాత! సరేగానీ, నీ మాట దేవుడు వింటాడుగా, నాకోసం ఒక్కసారి అడుగు."

కళ్లు మూసుకున్నాడు. ఉన్నది ఉన్నట్టు అన్న ఆ పాత మాట తప్ప నోటికి ఇంకేమీ రాలేదు. అదీ సగంలోనే ఆగిపోయింది. కళ్లు తెరిచాడు.

"చెల్లీ, ఆరోజే ఉందే. నేను చూశాను. చూసీ లేదని రాశాను."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని దుప్పట్లో పెట్టుకుంది. ఆయన సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాడు. దేవుణ్ణి అడగమని ఆమె మళ్ళీ అనలేదు.