తలుపు చెప్పిన జవాబు

నా కూతురి మీద ఒట్టు. ఇందులో ఒక్క ముక్క కల్పించింది లేదు. అది పుట్టిన రాత్రి కథే ఇది.

ఎనభైల్లో మాట. అల్లవరం దగ్గర మా ఊరు. ఆ ఏడు ఊరంతా ఒకటే పుకారు. రాత్రుళ్లు ఒక ఆడమనిషి వచ్చి తలుపు కొడుతుందట. తెలిసినవాళ్ల గొంతుతో పిలుస్తుందట. తలుపు తీస్తే అంతే. అందుకని ఇంటింటా తలుపు మీద ‘రేపు రా’ అని రాసేశారు. చదువుకుని వెళ్లిపోతుంది. మర్నాడు వచ్చినా అదే జవాబు. మా అత్తగారైతే సున్నంతో ఇంతింత అక్షరాలు రాశారు. దెయ్యానికి చత్వారమేమో అని నేను నవ్వాను కూడా.

వానరాత్రి. నెల ముందే నొప్పులు మొదలయ్యాయి. నర్సు సువార్తమ్మగారిని సైకిలు మీద తీసుకొస్తానని మా ఆయన వెళ్లారు. ఇంట్లో నేను, అత్తగారు. కరెంటు లేదు. చూరు నుంచి నీళ్లు... టప్... టప్...

అప్పుడు... తలుపు చప్పుడు.

“అమ్మా, నేనండి. తలుపు తియ్యండి.”

సువార్తమ్మగారి గొంతే. కానీ... సైకిలు చప్పుడు లేదు. మా ఆయన గొంతు లేదు. నేను పలకబోతే అత్తగారు నా నోరు మూశారు. తలుపు వైపు తిరిగి, “రేపు రా” అన్నారు గట్టిగా.

తర్వాత... బురదలో అడుగులు. దూరమైపోయాయి.

ఎంతసేపు గడిచిందో తెలియదు. ఇక బిడ్డ దక్కదనుకుని ఏడ్చాను. మళ్లీ చప్పుడు. అదే గొంతు. అత్తగారు నన్ను చూశారు. తలుపుని చూశారు.

“దెయ్యమైతే అయింది. పురుడు పోస్తే చాలు” అని గడియ తీసేశారు.

తడిసి ముద్దయి సువార్తమ్మగారు. మా ఆయన ఆవిడకి విషయం చెప్పి, ఎందుకైనా మంచిదని కారు కోసం అమలాపురం వెళ్లారట. ఆవిడ నడిచి వచ్చేశారు.

తెల్లారేలోపు ఆడపిల్ల. కేర్‌మంది. నా ప్రాణం లేచొచ్చింది.

కాఫీ ఇస్తూ అత్తగారు, రాత్రి పొరపాటైపోయిందన్నారు.

“పర్లేదండి. తలుపు మీద రాత చూసి, మీ మాట కూడా ఇని, నొప్పులు తగ్గేయేమో అనుకుని ఎల్లిపోయేనండి. కాలవ గట్టు మీద మీ మనిషెవరో ఎదురొచ్చేరు. ‘ఆ రాత మీక్కాదండి, నాకు. మీరెళ్లండి, నేను రేపొస్తాను’ అన్నారు. ఎవరండీ ఆవిడ?”

మా ఇంట్లో మూడో ఆడమనిషి లేదు. అత్తగారు గ్లాసు కింద పెట్టేశారు.

ఆ పొద్దునే తడిగుడ్డతో రాత తుడిచేశారు. వచ్చిందెవరో చూడ్డానికి రాతకి కళ్లుంటాయా అన్నారు. బారసాల నాటి రాత్రి గడప అవతల తాంబూలం పెట్టారు. రెండు అరటిపళ్లు, ఎర్ర రవికెల గుడ్డ. తెల్లారి చూస్తే పళ్లున్నాయి. గుడ్డ లేదు.

గాలికి పోయిందంటారు మా ఆయన. ఆ రాత్రి ఆకు కదల్లేదండీ... ఏమో. ఏ వేళ ఎవరు కొట్టినా, నేను మాత్రం తలుపు తీస్తాను.