మావయ్యగారి రీడింగ్

నేను నడిపే కారెక్కడానికి మా మావయ్యగారికి మూడేళ్ళు పట్టింది. ట్రెజరీలో పనిచేసి రిటైరైన మనిషి. స్టాంపు లేని కాగితాన్నీ, ఆడవాళ్ళు పట్టుకున్న స్టీరింగునీ నమ్మరు. ఆ ఆదివారం మావారు ఊళ్ళో లేరు. నార్సింగిలో మేనకోడలి కొత్త ఫ్లాట్ చూడటానికి వేరే దారి లేక నాతో బయల్దేరారు. "నార్సింగి దాకా చూస్తానమ్మాయ్. నచ్చకపోతే తిరిగొచ్చేటప్పుడు నేనే నడుపుతాను" అన్నారు. నచ్చితే మాత్రం రోజూ ఆఫీసుకు కారు నాదే. క్యాబుల కోసం పడిగాపులు కాసీ కాసీ విసిగిపోయి ఉన్నాను కాబట్టి కట్టెపుల్లలా బిగుసుకుపోయి నడిపాను.

మా ఇంట్లో భోజనం కాగానే మావయ్యగారు అందరికీ ద్రాక్షారిష్టం మూతతో కొలిచి పోస్తారు, అరుగుదలకు. చుట్టాలకైనా తప్పదు. ఆ రోజు హడావిడిలో మరిచిపోయి, ఖాజాగూడ సిగ్నల్ దగ్గర గుర్తు తెచ్చుకున్నారు. చేతిసంచిలోంచి సీసా తీసి నాకో మూత, తనకో మూత. మింగేలోపు పచ్చలైటు పడింది.

మలుపు తిరగగానే పోలీసులు. మిట్టమధ్యాహ్నం!

"అమ్మా, జర ఊదుండ్రి" అని కానిస్టేబుల్ మిషను చాచాడు.

నాకో జబ్బుంది. భయమేస్తే నవ్వొస్తుంది. మొదటిసారి ఊదబోయి నవ్వాను. రెండోసారి గొట్టంలోకే నవ్వాను.

"ఏందమ్మా, గిట్ల నవ్వుతున్నరు?" అన్నాడు అనుమానంగా. మూడోసారి ఎలాగో ఊదాను. మిషను కుయ్యిమంది.

లైసెన్సు పోయినట్టే, రోజూ ఆఫీసుకు కారూ పోయినట్టే. అయినా నవ్వు ఆగదే!

మావయ్యగారు దిగారు. "మా కోడలు మజ్జిగ తప్ప ఏమీ తాగదండీ. అరిష్టం నేనే పోశానండీ" అన్నారు.

"అందరు గట్లనే చెప్తరు సార్" అన్నాడు కానిస్టేబుల్.

తనను అందరిలో కలిపేయడం మావయ్యగారికి ఎక్కడో తగిలింది. సీసా మీది చీటీని, అరిష్టంలో ఆల్కహాల్ ఎంత శాతముందో సహా, గట్టిగా చదివి వినిపించారు. "ఇదేనండీ, చూడండి" అంటూ అందరి ముందే ఓ మూత పోసుకుని గుటుక్కున తాగేశారు. తర్వాత శంఖం పూరించినట్టు మిషను ఊదారు. నా రీడింగుకు రెట్టింపు వచ్చింది.

జీపు పక్కన నిలబడి ఇదంతా చూస్తున్న ఎస్సై ముఖం అటు తిప్పుకుని నవ్వాడు. "ఇద్దరు నోరు పుక్కిలించి జరసేపు కూసోండ్రి. మల్ల చూద్దాం" అన్నాడు.

నీళ్ళు పుక్కిలించి ఫుట్‌పాత్ మీద కూర్చున్నాం. ఎదురుగా ఖాజాగూడ బండలు, పక్కన మావయ్యగారు. పావుగంట తర్వాత ఊదితే నాకు సున్నా. ఎగిరి గంతేయాలనిపించింది.

"నాక్కూడా తీయండి. సున్నా అని కాగితం కావాలి" అని మావయ్యగారు పట్టుబట్టారు. మిషను మళ్ళీ మోగింది. తీరా అడిగితే, ఈ కంగారులో తిన్నది అరగదేమోనని నేను చూడకుండా ఇంకో రెండు మూతలు వేసుకున్నారట!

"పెద్దాయనా, ఇయ్యాల మీరు స్టీరింగ్ ముట్టొద్దు" అన్నాడు ఎస్సై.

ఎనభైకి దగ్గరపడిన మనిషి, జీవితంలో చుక్క ముట్టనివారు, బుద్ధిగా తలూపి నా పక్కన కూర్చున్నారు. బెల్టు పెట్టుకున్నారు. సీసా సంచి అడుక్కి తోశారు.

"పోనివ్వమ్మాయ్. తిరిగొచ్చేటప్పుడూ నువ్వే. రేపట్నుంచి ఆఫీసుక్కూడా తీసుకెళ్ళు" అన్నారు రోడ్డుకేసి చూస్తూ. "మీ ఆయనకు మాత్రం ఏం జరిగిందో చెప్పకు."

ఈసారి నాకు భయమేమీ లేదు. అయినా నార్సింగి దాకా నవ్వుతూనే ఉన్నాను.