ఓడ కుట్టు

పొద్దున అన్నం వార్చిన గంజిని నేను పారబోసేదాన్ని కాదు. దాన్ని ఇంకాస్త పలుచన చేసి, అందులో తెల్లటి ముతక బట్ట ముంచి, పెరట్లో తీగ మీద ఆరేసేదాన్ని. గంజి పెట్టిన బట్ట మీద సిరా పాకదు. చిరునామా అక్షరాలు నిలబడతాయి. ఆరిన బట్టను మూడు వైపులా సంచిలా కుట్టి ఉంచితే, మా ఆయన వాటిని సైకిలుకు కట్టుకుని పోస్టాఫీసుకు వెళ్లేవారు. నాలుగో వైపు, అంటే సంచి మూతి, కుట్టే పని ఆయనది. ఇప్పుడు ఆ గంజి పక్కింటివాళ్ల బర్రె తాగుతోంది.

మా ఆయన పేరు హమీద్. కరీంనగర్‌లో పోస్టాఫీసు గోడ వారన గోనె పట్టా పరుచుకుని, పార్సిళ్లు కుట్టి లక్క ముద్ర వేసేవారు. ఈ పని ఆయనకు దాదా, అంటే తాత నుంచి వచ్చింది.

నిజాం కాలంలో, పైన ఇంగ్లీషువాళ్ల పెత్తనం నడుస్తున్నప్పుడు, ఇక్కడి ఒక షావుకారు వెండి నగిషీ సామాను విలాయతుకు పంపేవాడట. అత్తరుదానులు, పాన్‌దానులు, సన్నటి వెండి తీగతో అల్లినవి. వాటికి పత్తి చుట్టి, చెక్క పెట్టెలో సర్ది, పెట్టెకు బట్ట తొడిగి కుట్టడం దాదా పని. ఆ పార్సిల్ బండెక్కి, రైలెక్కి, బొంబాయిలో ఓడెక్కి నెలల తరబడి పోయేది. అంత దూరంలో ఎవరో విప్పి, ఒక వెండి గిన్నె తీసుకుని, మళ్లీ కుట్టేస్తే తెలిసేదెలా? అందుకని దాదా మూతిని ఒకే దారంతో కుట్టేవాడు. మధ్యలో అతుకు ఉండకూడదు. చిరునామాలో పేరు మొదలయ్యే చోట ముడిని దాచి, దాని మీద లక్క కరిగించి ముద్ర వేసేవాడు.

ఎప్పుడైనా పార్సిల్ తిరిగి వస్తే, షావుకారును ఎదురుగా కూర్చోబెట్టుకుని, లక్క పగలగొట్టి, దారాన్ని ఆ కొస నుంచి ఈ కొస దాకా లాగేవాడట. తెగకుండా వస్తే మధ్యలో ఎవరి చెయ్యీ పడలేదని నమ్మకం. కత్తెరను దగ్గరికి రానిచ్చేవాడు కాదు. కుట్టిన చెయ్యే విప్పాలి, అదీ ఆయన పట్టు. దాదా దాన్ని జహాజ్ టాకా అనేవాడు. మేము ఓడ కుట్టు అంటాం.

మా ఆయన కాలానికి పార్సిళ్లు విమానాల్లోనే పోతున్నాయి. విలాయతు పోయి దుబాయి, మస్కట్ వచ్చాయి. అట్టపెట్టెలు, టేపులు వచ్చాయి. పోస్ట్‌మ్యాన్ దేవదాస్ ఆయన్ను ఆటపట్టించేవాడు.

"భాయ్, జర టేపు అంటిస్తె అయిపాయె గద. గీ కుట్టుడెందుకు?"

"టేపు ఎవడన్న పీకి మల్ల అంటిస్తడు. నా కుట్టు పీకి మల్ల కుట్టుమను, సూద్దాం."

కుట్టించుకునేవాళ్లు తగ్గిపోయారు. అయినా ఆయన గోడ వారన కూర్చోవడం మానలేదు. వచ్చిన ప్రతి ఒక్కరికీ దాదా కథ చెప్పకుండా దబ్బనం పట్టేవారు కాదు.

చలి మొదలైన రోజుల్లో ఆయన అక్కడే కూలబడ్డారు. ఆసుపత్రి చేరకముందే ప్రాణం పోయింది. భర్త పోయాక పాటించే ఇద్దత్, నాలుగు నెలల పది రోజులు, ముగిసేదాకా నేను గడప దాటలేదు. అది ముగిశాక కూడా బయటికి వెళ్లే పని ఏమీ కనిపించలేదు.

మొన్న దేవదాస్ గడప బయట నిలబడి మా బిడ్డ ఇఖ్రాను పిలిచాడు. "బిడ్డా, గీ పార్సిల్ మస్కట్ నుంచి వాపస్ వచ్చింది. పంపినోల్ల దగ్గర మీ ఇల్లే రాసున్నది."

అది ఐలవ్వ పార్సిల్. సిరిసిల్ల దగ్గర పల్లె ఆమెది. బీడీలు చేసే పనికి పోతూ ఇంటికి తాళం వేస్తుందని, మా ఆయన మా ఇంటి చిరునామా రాశారు. ఐలవ్వ భర్త వెంకటి మస్కట్‌లో తోటపని చేస్తాడు. కంపెనీ అతన్ని వేరే క్యాంపుకు మార్చడంతో పార్సిల్ అందలేదు. మా ఆయన చనిపోవడానికి కొద్ది రోజుల ముందు కుట్టినది. బట్ట మాసిపోయింది, మూలలు నలిగాయి. మూతి మీద కుట్టు మాత్రం ఒక్కటీ సడలలేదు. నేను దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆ కుట్టును వేలితో తడిమాను.

మర్నాడు ఐలవ్వ పరుగున వచ్చింది.

"వదినె, దేవదాస్ ఫోన్ చేసిండు. పార్సిల్ ఏది? అందుల మా ఆయన కండ్లద్దాలున్నయి. పాతయి పలిగినయట. మొన్న ఏమీ కానరాక గడ్డి కోసే మిషన్ల చెయ్యి వెట్టబోయిండట. మా ఊరి సదానందం రేపు మస్కట్ పోతుండు, ఆయనతోని పంపుత. కత్తెర తే, జల్ది తే."

నేను పార్సిల్ తెచ్చాను. కత్తెర తేలేదు.

"ఏంది వదినె, గట్ల పట్టుకున్నవు? ఇయ్యవా ఏంది?"

పార్సిల్ ఆమెది. అద్దాలు ఆమె భర్తవి. ఇవ్వనని అనే హక్కు నాకు లేదు. కానీ ఆ కుట్టును కోస్తుంటే చూడలేననిపించింది. ఐలవ్వ నా ముఖం చూసింది, కుట్టు చూసింది. గొంతు తగ్గించింది.

"ఎర్కైంది తియ్. హమీదన్న కుట్టిన ఆఖరి మూట. కత్తెర వద్దు గని, అన్న నాకు చెప్పిండు, కుట్టిన చెయ్యే ఇప్పాలెనట. గా చెయ్యిని ఇప్పుడేడికెల్లి తెస్తం? నీ చెయ్యే పెట్టు. గీ సంచి మూడు దిక్కుల నీ చెయ్యే గద కుట్టింది."

వెంకటి పేరు మొదలయ్యే చోట లక్కను చిన్న రాయితో కొట్టాను. పెళుసుగా రాలింది. కింద ముడి ఉంది. దబ్బనంతో దాన్ని వదులు చేసి దారం లాగడం మొదలుపెట్టాను. రెండో కొస ఐలవ్వ పట్టుకుంది. ఎక్కడ తెగుతుందోనని ఒక్కో కుట్టునూ నెమ్మదిగా వదిలించాం.

"అవ్వో, ఎంత పొడుగున్నదే! గీ దారం కన్న అన్న ముచ్చట్లే పొడుగుంటుండె. దాదా కథ చెప్పుకుంట నా బస్సు తప్పిచ్చిండు గా పొద్దు."

"నాకు పెండ్లయిన కాడికెల్లి చెప్పిండు" అన్నాను.

"మరి నీకు ఏ బస్సు తప్పింది?" అంది.

దారం తెగకుండా మొత్తం వచ్చేసింది. బట్ట తీస్తే కింద మైనం కాగితం కనిపించింది. నాకు అనుమానం వచ్చింది.

"ఐలవ్వా, తినేటియి ఏమన్న పెట్టినవా?"

ఆమె చూపు తిప్పుకుంది. "కొన్ని సకినాలు... అన్న అడిగితె బట్టలే అని చెప్పిన. తిండి అంటె తియ్యుమంటడని."

"బట్టలకు ఆయన మైనం కాగితం చుట్టడు. నూనె కారుతదనే చుట్టిండు."

"అంటె దొంగను పట్టిండా! పట్టి మల్ల ఊకున్నడా!"

ఐలవ్వ పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే కొంగు కళ్లకు అడ్డం పెట్టుకున్నాను. ఆమె నవ్వు ఆపి నా వీపు మీద చెయ్యి వేసింది.

సకినాలు పొడి పొడిగా అయి ముక్కవాసన కొడుతున్నాయి. దుప్పటి మడతల మధ్య అద్దాలు మాత్రం చెక్కుచెదరలేదు. ఐలవ్వ వాటిని తన కళ్లకు పెట్టుకుని నన్ను చూసింది.

"వదినె, ఇద్దరయినవు! అన్న పోయి ఒక్కదాన్నయిన అని ఫికర్ వెట్టుకోకు."

అద్దాలు దుప్పట్లో భద్రంగా చుట్టుకుని బస్సుకు వెళ్లిపోయింది. బట్ట, దారం నాకే వదిలేసింది.

తిరిగి వచ్చిన పార్సిళ్ల దారాన్ని మేము నీళ్లలో నానేసేవాళ్లం. తడిస్తే వంకరలు పోయి సాపు అవుతుంది. ఆరాక ఉండ చుట్టి మళ్లీ వాడుకోవచ్చు. ఆ సంగతి తెలిసిన ఇఖ్రా గిన్నెలో నీళ్లు తెచ్చి నా పక్కన పెట్టింది.

దారం నేల మీద మెలికలు మెలికలుగా పడి ఉంది. ప్రతి కుట్టుకూ ఒక వంపు. ఆయన చెయ్యి ఎక్కడ బిగించి లాగిందో, మూల తిరిగేచోట ఎక్కడ కాస్త ఆగిందో, అన్నీ కనబడుతున్నాయి.

"అమ్మీ, దారం నానెయ్యనా?"

"వద్దు" అన్నాను.

ఇఖ్రా ఆ నీళ్లు తీసుకెళ్లి గోరింట చెట్టు మొదట్లో పోసింది.