పికప్ బండి అమ్మేది లేదు

పోయిన వారం మా వాకిట్లోని పాత పికప్ బండికి వైపర్లు ఆడకపోయేసరికి, దాన్ని తుక్కుకు వేసేద్దామని నా కొడుకు మళ్లీ మొదలుపెట్టాడు. నేను బండి తలుపు తీసి, స్టీరింగు కింద మోకాలి దగ్గరుండే నల్లపెట్టె మూత ఊడదీసి, కాలిపోయిన ఫ్యూజు లాగి కొత్తది పెట్టి వచ్చాను. వైపర్లు ఆడాయి. వాడు నవ్వాడే కానీ మనసు మార్చుకోలేదు. నేనూ మార్చుకోలేదు. నా ఈడువాళ్లకైనా నా మొండితనం అర్థమవుతుందని ఇది రాస్తున్నాను.

ఆ బండి కొన్ననాటికి మాకు వేంపల్లె దగ్గర అరటితోట ఉండేది. మా ఆయన గెలలు ఎక్కించుకుని తానే కడప మార్కెట్టుకు తోలుకుపోయేవాడు. మా పంట లేని రోజుల్లో చుట్టుపక్కల రైతుల చీనీకాయలు బాడుగకు వేసేవాడు. ఒకనాడు లోడు మీద తాడు బిగిస్తూ జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. కర్నూలు ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి, ఇక క్లచ్ తొక్కే పని పెట్టుకోవద్దని చెప్పి పంపించారు. మేము ఇంటికి చేరిన మరునాడే మా బావ, అంటే మా ఆయన అన్న, బండికి బేరం తెచ్చాడు. చెడ్డమనిషి కాదు, ఆసుపత్రిలో మాతోపాటు నేల మీద పడుకున్నవాడే.

"తోలేవాడు లేని బండి ఈడ పెట్టుకోని ఏం చేస్తావమ్మా? తుప్పు పడతాది," అన్నాడు.

నేను తోలుతానన్నాను. పెళ్లికి ముందు పుట్టింట్లో ట్రాక్టరు తోలిన చెయ్యి నాది. బావ వాకిట్లో మంచం మీదున్న తమ్ముడి వైపు చూశాడు. మా ఆయన మాత్రం బండిని మంచం పక్కకు తెచ్చి నిలపమన్నాడు.

అప్పటినుంచి నాకు లైసెన్సు వచ్చేదాకా ఆ మంచమే నాకు బడి. ఆయనకు ఓపిక తక్కువ, నాకు కోపం ఎక్కువ, కాబట్టి చదువు అంత నెమ్మదిగా ఏమీ సాగలేదు. నల్లపెట్టెలో రంగురంగుల ఫ్యూజులు వరసగా ఉండేవి. తాళంచెవి తిప్పి బండి ఆపేసి ఒక్కొక్కటే లాగి ఆకాశానికెత్తి చూడాలి, లోపలి సన్నతీగ తెగి ఉంటే అది పోయినట్టు. రంగును బట్టి అది తట్టుకునే కరెంటు, కాబట్టి ఏ రంగుది పోతే ఆ రంగుదే పెట్టాలి. పెట్టింది మళ్లీ పోతే యాడో వైరు ఇనుముకు తగులుతున్నట్టు, అది వెతక్కుండా ఇంకొకటి పెట్టకూడదు. ఇవన్నీ నా చేత మళ్లీమళ్లీ చెప్పించుకునేవాడు.

బావ ఒక మాట మీద ఆగాడు. మొదటి లోడు నేను ఒక్కదాన్నే కడపకు చేర్చి వస్తే సరి, లేకపోతే ఆ సాయంత్రమే బండి బేరగాడికి.

అరటిగెలలతో పొద్దున్నే బయలుదేరాను. సగం దారిలో ఒక టీ అంగడి దగ్గర హారన్ పలకడం మానేసింది. అంగడాయన్ని వెనక నిలబెట్టి బ్రేకు తొక్కితే ఆ లైట్లూ వెలగలేదన్నాడు. లారీలు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయే రోడ్డు అది. హారన్ లేకుండా, నేను ఆగుతున్నట్టు వెనకవాడికి తెలియకుండా, అంత బరువుతో ముందుకు పోవడానికి లేదు. మూత తీసి చూస్తే రెంటికీ కలిపి ఉన్న నీలం ఫ్యూజు పోయి ఉంది. వెంట తెచ్చుకున్న రెండు నీలంవాటిలో ఒకటి పెట్టగానే హారన్ పలికింది. హాయిగా కదిలాను. అంగడి దాటకముందే ఎదురుగా బస్సు వచ్చిందని బ్రేకు తొక్కాను. హారన్ మళ్లీ మూగబోయింది.

టీ తాగుతున్న మగవాళ్లంతా చుట్టూ చేరారు. ఇంట్లో మగోళ్లు యాడికి పోయినారని ఒకరు, ట్రాక్టరు పెట్టి లాగించమని ఇంకొకరు. ఒక పెద్దమనిషి సిగరెట్ పెట్టెలోని వెండికాగితం చింపి నా చేతికివ్వబోయాడు.

"కాలిన ఫ్యూజుకు ఇది చుట్టి పెట్టమ్మా, కడప దాకా పోతాది."

"వైర్లు అంటుకుంటే నువ్వొచ్చి ఆర్పుతావా అప్పా?" అన్నాను.

ఆయన కాగితం జేబులో పెట్టుకున్నాడు. నా దగ్గర ఇక ఒక్క నీలం ఫ్యూజే ఉంది. అది కూడా పోతే సాయంత్రం బావ ఏమంటాడో అప్పుడే నాకు వినిపిస్తోంది. ఏడుపు వచ్చింది, కానీ వాళ్ల ముందు ఏడవదలచుకోలేదు. హారన్ కొట్టినప్పుడు పోలేదు, బ్రేకు తొక్కినప్పుడు పోయింది, కాబట్టి తప్పు వెనక లైట్ల వైపే ఉండాలి. కొంగు దోపుకుని బండి వెనక కిందికి దూరాను. నవ్వులు వినిపించాయి. వెనక తలుపు ఒరుసుకుని ఒరుసుకుని లైటు వైరు తోలు లేచిపోయి, రాగి బయటపడి ఇనుముకు తగులుతోంది. అంగడి పక్కనే పంచర్లు వేసే అతన్ని సైకిల్ ట్యూబు ముక్క అడిగి, దాన్ని వైరు చుట్టూ గట్టిగా చుట్టి, ఇనుముకు దూరంగా కట్టాను. చివరి ఫ్యూజు పెట్టి, బ్రేకు తొక్కమని అడిగితే ఇందాకటి వెండికాగితం పెద్దమనిషే ఎక్కి తొక్కాడు. ఎర్రలైట్లు వెలిగాయి. హారన్ కూడా తనే కొట్టి చూపించాడు.

మార్కెట్టుకు ఆలస్యంగానే చేరాను, కానీ చేరాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి బావ, బేరగాడు ఇద్దరూ మంచం పక్కన కూర్చుని ఉన్నారు.

"బండి అమ్మేది లేదు బావా," అన్నాను, ఇంకా చేతులైనా కడుక్కోకుండా.

జరిగిందంతా విన్నాక మా ఆయన మెచ్చుకోలేదు. "అదే రంగుది పెట్టినావా?" అని మాత్రం అడిగాడు. అంతకంటే పెద్ద మెప్పు ఆయన దగ్గర ఉండేది కాదని నాకు తెలుసు.

ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ బండితోనే ఇల్లు నడిపాను, పిల్లల పెళ్లిళ్లు చేశాను. ఇప్పుడు ఆ రోడ్డు వెడల్పయింది, టీ అంగడి పోయింది. ఆడవాళ్లు కార్లు తోలుతుంటే ఎవరూ తిరిగి చూడరు, అది నాకు సంతోషమే. కానీ దారిలో బండి ఆగితే చుట్టూ చేరేవాళ్లు కూడా లేరు. నవ్వేవాళ్లూ లేరు, ఎక్కి బ్రేకు తొక్కిపెట్టేవాళ్లూ లేరు. మా ఆయన పోయాడు, ఆ మరుసటేడు బావ పోయాడు. ఎదురు నిలబడి నాతో గట్టిగా వాదించే మనిషి లేకపోయేసరికి నా మొండితనానికి పదును తగ్గిందేమోనని ఒక్కోసారి దిగులేస్తుంది. నా కొడుకు పాపం మెత్తనివాడు, రెండుసార్లు అడిగి ఊరుకుంటాడు. మూడోసారి అడిగినా ఇదే జవాబు.