ఏసీ రెస్టారెంట్‌కి బయటి కిటికీ

మా చిన్నప్పుడు... మిరప కోతల రోజుల్లో, సాయంత్రం పొలం నుంచి వస్తూ అమ్మ నన్ను సెంటర్లో హోటల్ దగ్గరికి తీసుకెళ్ళేది. లోపలికి కాదు... పక్క గోడకున్న కిటికీ దగ్గరికి. మాలపల్లె వాళ్ళం కదా, మా గ్లాసులు వేరేగా బయట చూరులో ఉండేవి. మేమే తీసుకుని పట్టుకోవాలి. హోటలాయన లోపల నుంచి చెయ్యి పైకెత్తి టీ పోసేవాడు, గిన్నె మా గ్లాసుకు తగలకుండా. తాగాక మేమే కడిగి మళ్ళీ చూరులో పెట్టాలి.

మిరపకాయలు కోసిన చేతులతో ఆ వేడి గ్లాసు పట్టుకుంటే అమ్మకు వేళ్ళు భగ్గుమనేవి. లోపల బల్లలు ఖాళీగా ఉన్నా సరే, కూర్చోమనే మాటే లేదు.

ఓసారి కలుపు తీసి వస్తుంటే పెద్ద వాన... నేను లోపలికి అడుగు పెట్టబోయాను. ఆయన కసరలేదు, నవ్వుతూనే అన్నాడు. "బురద కాళ్ళు కదమ్మా, బయటుండండి. లోపల పెద్దోళ్ళు కూర్చున్నారు."

ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ హోటల్ మూతపడి చాలా ఏళ్ళయింది. ఆ ఇంటినే మా తమ్ముడు ప్రభు ఇప్పుడు అద్దెకు తీసుకున్నాడు, ఫ్యామిలీ రెస్టారెంట్ పెట్టడానికి. ఆ రోజుల్లో వాడు ఉయ్యాల్లో పిల్లాడు, వాడికేం తెలియదు. నాకు మాత్రం ఎంత గర్వంగా అనిపించిందో! ఓపెనింగ్‌కి రిబ్బన్ అమ్మ చేతే కత్తిరించాలని అనుకున్నాం.

పోయిన వారం పని చూద్దామని వెళ్ళాను. కొత్త టైల్స్, ఫాల్స్ సీలింగ్, ఏసీల కోసం గోడలకు కన్నాలు... అంతా మారిపోయింది. ఆ కిటికీ మాత్రం ఉంది. పైగా మేస్త్రీ దాన్ని ఇంకా వెడల్పు చేస్తున్నాడు, కింద గ్రానైట్ పలక పెట్టి.

"ఇదెందుకురా?" అని అక్కడే ఉన్న ప్రభుని అడిగాను.

"డెలివరీ వాళ్ళ కోసం అక్కా. ఎండలో బండేసుకుని వస్తారు, చెమట కంపు. లోపల ఫ్యామిలీలు కూర్చుంటాయి కదా... బయటే నిలబడి పార్సిల్ తీసుకుపోతారు."

"ఒరేయ్, అమ్మ నిలబడి టీ తాగింది ఇక్కడేరా."

మేస్త్రీ సుత్తి ఆపాడు. ప్రభుకి మొత్తం చెప్పాను. తల దించుకుని విన్నాడు... విని ఏమన్నాడో తెలుసా? "అది కులం అక్కా. ఇది బిజినెస్. రెండూ ఒకటెట్టా అవుతాయి?"

ఎట్టా అవుతాయా? వానొస్తే వాళ్ళెక్కడ తలదాచుకోవాలి? దాహమేస్తే ఎవర్ని అడగాలి? నిన్నటి కోడలే నేటి అత్త అంటారు... ఆ సామెత మా ఇంటికే వర్తిస్తుందని నేననుకోలేదు.

కిటికీ మూయించి, లోపల ఫ్యాను కింద వాళ్ళకో బెంచీ వేయించు, అప్పుడే అమ్మను తీసుకొస్తానని చెప్పి వచ్చేశాను. వాడింకా ఫోన్ చెయ్యలేదు. ఈ పోస్ట్ చదువుతాడని తెలిసే రాస్తున్నాను.

కాలం మారిందని అందరం అనుకుంటాం... మీ ఊరి హోటల్లో మీరెక్కడ నిలబడి టీ తాగారో కామెంట్లో రాయండి. లోపల కూర్చుని తాగినవాళ్ళు కూడా రాయండి... బయటున్న మేము మీకు కనిపించేవాళ్ళమా?